విప్పుకునే హక్కు, కప్పుకునే హక్కు

సెకండ్ లైఫ్ అని ఒక కంప్యూటర్ లోకం ఉంది. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003 జూన్‌లో దాన్ని తెరిచింది. చూడ్డానికి ఆటలా ఉంటుంది గానీ ఆట కాదు. గెలుపోటములు లేవు, పాయింట్లు లేవు. మనకు బదులుగా ఒక బొమ్మ శరీరం అందులో నడుస్తుంది, కూర్చుంటుంది, ఎదురైనవాళ్లతో మాట్లాడుతుంది. ఆ బొమ్మను అవతార్ అంటారు. (ఈ మాట వినగానే మన పాస్టర్లలో కొందరు ఉలిక్కిపడతారు. ఇక్కడ అది కంప్యూటర్ వాళ్ల మాట, అంతే.) అక్కడ స్థలం తీసుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, దుకాణం పెట్టుకోవచ్చు, చర్చి కూడా కట్టుకోవచ్చు. కొందరు నేచురిస్టుల ఊళ్లు కట్టుకున్నారు. అంటే సముద్రపు ఒడ్డు, చెట్లు, చలిమంట, వాటి మధ్య బట్టలు లేని బొమ్మలు కూర్చుని కబుర్లు చెప్పుకోవడం.

ఇలాంటి విషయానికి ఈ పత్రికలో ఏం పని అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. మన పిల్లలు రోజులో సగం తెరల లోకంలోనే బతుకుతున్నారు. అక్కడ శరీరం ఎవరిది, దాన్ని ఎవరు చూడొచ్చు, తలుపు ఎవరి చేతిలో ఉంది అనే ప్రశ్నలు వాళ్లకు రోజూ ఎదురవుతున్నాయి. ఆ ప్రశ్నలను సూటిగా ఎదుర్కొన్నవాళ్లలో, నచ్చినా నచ్చకపోయినా, ఈ నేచురిస్టులు ఉన్నారు. వాళ్లను వెనకేసుకురావడం మా ఉద్దేశం కాదు. ఛీ అని ముఖం తిప్పుకోవడం కూడా మాకు ఇష్టం లేదు.

ముందుగా నేచురిజం అంటే ఏమిటో వాళ్ల మాటల్లోనే వినాలి. అంతర్జాతీయ నేచురిస్టు సమాఖ్య 1953లో ఫ్రాన్స్‌లో ఏర్పడింది. ప్రకృతితో కలిసి బతకడం, పదిమందిలో బట్టలు లేకుండా ఉండడం ద్వారా తనను తాను గౌరవించుకోవడం, ఎదుటివాళ్లను గౌరవించడం నేర్చుకోవడమే తమ ఉద్దేశమని ఆ సమాఖ్య చెప్పుకుంటుంది. లైంగికతకూ దీనికీ సంబంధం లేదన్నది వాళ్ల మొదటి మాట. జర్మనీలో ఈ ఉద్యమానికి వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. బెర్లిన్‌లో ఆడోల్ఫ్ కోఖ్ అనే టీచరు కార్మికుల పిల్లలకు బట్టలు లేని వ్యాయామం నేర్పించాడు. ఇరుకు గదుల్లో, ఫ్యాక్టరీ పొగలో పెరిగిన పిల్లలకు ఎండ, గాలి తగలాలన్నది ఆయన తపన. 1933లో నాజీలు వచ్చాక ఆ బడులు మూతపడ్డాయి.

మన దగ్గరికి వస్తే ఒక వింత సంగతి ఉంది. ప్రపంచంలో తెలిసినంతవరకు మొట్టమొదటి నేచురిస్టు క్లబ్బు జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో పుట్టలేదు. మహారాష్ట్రలోని ఠాణేలో 1891లో పుట్టింది. అక్కడ జిల్లా జడ్జిగా ఉన్న చార్లెస్ క్రాఫర్డ్ అనే ఆంగ్లేయుడు దాన్ని పెట్టాడు. సభ్యులు ముగ్గురే. కొద్దికాలానికే అది ముగిసిపోయింది. మన మహారాష్ట్ర పాఠకుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, మాకు మాత్రం ఇది చదవగానే వేరే మనుషులు గుర్తుకొచ్చారు. రాళ్లు మోసి బొంబాయిని కట్టిన తెలుగు కామాటీలు. కామాటీపురా అనే పేటకు పేరు వచ్చింది వాళ్ల వల్లే. వాళ్ల ఒంటి మీద ఎంత గుడ్డ ఉండేదో ఏ క్లబ్బూ లెక్క రాయలేదు. జడ్జిగారు సెలవు రోజున బట్టలు విప్పేసినా, కోర్టు రోజున గౌను ఆయన కోసం సిద్ధంగానే ఉంటుంది. విప్పడం ఆయనకు స్వేచ్ఛ అయింది, ఎందుకంటే మళ్లీ తొడుక్కోవడం కూడా ఆయన చేతిలోనే ఉంది.

మా వాదనంతా ఈ ఒక్కచోటి నుంచే మొదలవుతుంది.

బెంగళూరులో వీధులూడ్చే పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడే దళితులు. చెన్నైలోనూ అంతే. వాళ్లలో ఎన్నో కుటుంబాలు మన సంఘాల్లోనే ఆరాధిస్తాయి. 2013లో చట్టం వచ్చినా మ్యాన్‌హోల్‌లోకి మనుషుల్ని దించడం పూర్తిగా ఆగలేదు. దిగేముందు ఆ మనిషి చొక్కా, లుంగీ విప్పి గట్టున పెడతాడు. అతనూ అర్ధనగ్నంగానే నిలబడతాడు. ప్రకృతితో కలిసి బతకడం కోసం కాదు, లోపల ఉన్నది బట్టలకు అంటితే ఇంటికి వెళ్లలేడు కాబట్టి. నగ్నత్వం మనుషులందర్నీ సమానం చేస్తుందని నేచురిస్టులు అంటారు. బట్టలు తీసేస్తే ఎవరు జడ్జి, ఎవరు కూలీ అన్నది తెలియదంటారు. మన దేశంలో ఆ మాట నిలవదు. ఇక్కడ కులాన్ని బట్టల మీద మాత్రమే రాయలేదు, ఎవరు బట్టలు వేసుకోవచ్చు అన్నదాని మీదే రాశారు.

కన్యాకుమారి జిల్లా ఇప్పుడు తమిళనాడులో ఉంది గానీ, అప్పట్లో తిరువిదాంకూరు సంస్థానంలో భాగం. అక్కడి నాడార్ స్త్రీలు రొమ్ము మీద గుడ్డ కప్పుకోకూడదన్నది ఆచారం. పైకులాల వాళ్ల ముందు ఛాతీ తెరిచి ఉంచడమే మర్యాద అన్నారు. లండన్ మిషన్ వాళ్ల ద్వారా క్రీస్తును నమ్మిన స్త్రీలు రవికె తొడుక్కోవడం మొదలుపెట్టారు. 1820ల నుంచి 1859 దాకా గొడవలు జరిగాయి. సంతల్లో రవికెలు చించేశారు, ఇళ్లు తగలబెట్టారు, చర్చిలు, బడులు కాల్చారు. చివరికి 1859 జూలై 26న నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకోవచ్చని రాజు ప్రకటన ఇచ్చాడు. అప్పుడు కూడా పైకులాల స్త్రీల పద్ధతిలో కప్పుకోకూడదని మెలిక పెట్టాడు. ఈ కథ తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఉండేది, 2019లో ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. ఆ పాఠాన్ని తీసేసింది. మన ఆదివారపు బడుల్లో అయినా చెప్పాలి. మన విశ్వాసపు తల్లులకు సువార్త ఎలా అందిందంటే, ఒక మూరెడు గుడ్డ రూపంలో కూడా అందింది.

మరి ఆ తల్లుల వారసులకు ఎవరైనా వచ్చి, బట్టలు విప్పడమే విముక్తి అంటే ఏం చెప్పాలి? ఎవరి విముక్తి, ఎక్కడి విముక్తి అని అడగాలి. బలవంతంగా విప్పించడం మన దేశంలో ఇప్పటికీ శిక్షే. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో, బట్టలు ఊడదీయడం, నగ్నంగా ఊరేగించడం అనే నేరాలను విడిగా పేర్కొనాల్సి వచ్చిందంటే అది ఎంత మామూలైపోయిందో చూడండి. 2023 మే 4న మణిపూర్‌లో ఇద్దరు కుకీ స్త్రీలను నగ్నంగా నడిపించారు. ఆ వీడియో జూలైలో బయటికి వచ్చేదాకా దేశం కదల్లేదు. అదే ఏడాది డిసెంబరులో కర్ణాటకలోని బెళగావి జిల్లాలో, కొడుకు ఒక అమ్మాయితో వెళ్లిపోయాడని తల్లి బట్టలు ఊడదీసి స్తంభానికి కట్టేశారు. ఈ నేలలో నిలబడి మాట్లాడేటప్పుడు నగ్నత్వం గురించి తేలిగ్గా మాట్లాడలేం.

అలాగని శరీరమే సిగ్గుచేటు అనే బోధతోనూ మేం ఏకీభవించం. ఆ బోధ మన సంఘాల్లో బాగా పాతుకుపోయింది గానీ, లేఖనం అంత సులువుగా దానికి సాక్ష్యం ఇవ్వదు. ఆదికాండంలో మొదటి దంపతులు దిగంబరులుగా ఉన్నప్పుడు సిగ్గు లేదు. సిగ్గు వచ్చింది నమ్మకం తెగిపోయాక. ఆకులు కుట్టుకుని దాక్కున్న వాళ్లను దేవుడు వెళ్లగొట్టే ముందు, చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగించాడు. దోషులకు కూడా దేవుడు బట్టలిచ్చాడు, లాక్కోలేదు. యెషయా మూడేళ్లు బట్టలు, చెప్పులు లేకుండా తిరిగాడు, చెరపట్టబడేవాళ్లకు ఏ గతి పడుతుందో చూపించడానికి. దావీదు పంపిన మనుషుల బట్టలను అమ్మోను రాజు నడుము దాకా కోయించి పంపితే, దావీదు వాళ్లను మందలించలేదు, గడ్డాలు పెరిగేదాకా యెరికోలో ఉండమని కబురు పంపాడు. అవమానపడ్డవాళ్లకు సమయం, చాటు ఇచ్చాడు. ఇక సిలువ. సైనికులు ప్రభువు బట్టలు పంచుకున్నారని నాలుగు సువార్తలూ చెబుతాయి. మన పటాల్లో నడుముకు గుడ్డ వేస్తాం గానీ, రోమా వాళ్ల పద్ధతిలో సిలువ శిక్ష అంటే పదిమందిలో నగ్నంగా నిలబెట్టడమే. బట్టలు ఊడదీయబడ్డ స్త్రీ పక్షాన నిలబడకుండా ఆ ప్రభువును ఆరాధించడం ఎలాగో మాకు అర్థం కాదు.

ఇంకో సంగతి. తొలి శతాబ్దాల సంఘంలో బాప్తిస్మం తీసుకునేవాళ్లు బట్టలు విడిచి నీళ్లలోకి దిగేవారు. నాలుగో శతాబ్దంలో యెరూషలేము బిషప్పుగా ఉన్న సిరిల్, కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లకు చేసిన బోధల్లో దాని గురించి మాట్లాడాడు. స్త్రీల బాప్తిస్మంలో సాయం చేయడానికి స్త్రీ పరిచారకులు ఉండేవారు. అంటే సంఘానికి కూడా ఒకప్పుడు ఈ సమస్య ఎదురైంది: మనుషులు నమ్మకంతో శరీరాన్ని తెరిచే చోటును ఎలా కాపాడాలి? ఎవరు లోపల ఉండాలి, ఎవరు బయట ఉండాలి, ఎవరి చేయి తగలొచ్చు? వాళ్లు దీనికి ప్రసంగంతో జవాబు చెప్పి ఊరుకోలేదు. ఏర్పాట్లు చేశారు.

కంప్యూటర్ లోకంలోని నేచురిస్టులు చేసినదీ అలాంటి పనే. సెకండ్ లైఫ్‌లో ప్రతి ప్రాంతానికీ ఒక స్థాయి ఉంటుంది: జనరల్, మోడరేట్, అడల్ట్. జనరల్‌లో నగ్నత్వానికి చోటు లేదు. 18 ఏళ్లు నిండనివాళ్లు జనరల్ దాటి వెళ్లకూడదు. దానికి తోడు ఊరి యజమానులు పెట్టుకునే నియమాలు ఉంటాయి. లైంగిక చేష్టలు కుదరవు, వేధిస్తే బయటికి పంపేస్తారు, బట్టలతో వచ్చి తేరిపార చూస్తూ నిలబడితే ఊరుకోరు. ఆ ఊరు వెలిసిన మొదటి రోజు నుంచీ చూడ్డానికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఉండడానికి వచ్చేవాళ్లు తక్కువ. అందుకే ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా ఉండాలి. జీతం లేని కాపలా. రాత్రి రెండింటికి కూడా ఎవరో మేలుకుని ఉండాలి, ఎందుకంటే ఇక్కడ రాత్రయితే ఇంకో దేశంలో పగలు. ఇలాంటి చోట్లు మూతపడేది పోకిరీల వల్ల అనుకుంటాం గానీ, కాపలా కాసే ఆ నలుగురూ అలసిపోవడమే అసలు దెబ్బ.

తర్వాత అద్దె. ఇది మన పాఠకులకు బాగా అర్థమయ్యే సంగతి. సెకండ్ లైఫ్‌లో ఒక పూర్తి ప్రాంతం అంటే 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు. లేని నేలకు నెలనెలా అద్దె! ఏళ్ల తరబడి అది నెలకు 295 డాలర్లు ఉండేది, 2018లో తగ్గించారు. బడులకు, సేవా సంస్థలకు సగం ధరకే ఇచ్చేవారు. 2010లో ఆ రాయితీ ఎత్తేస్తున్నామని కంపెనీ ప్రకటించగానే చాలా సంస్థలు మూటాముల్లె సర్దుకున్నాయి. 2013లో రాయితీ తిరిగి ఇచ్చారు గానీ, పోయినవాళ్లందరూ తిరిగి రాలేదు. నేల మనది కానప్పుడు ఎంత అందంగా కట్టుకున్నా అద్దె ఇల్లే. కోలారు గనుల కాలనీల్లో నాలుగు తరాలు బతికి, 2001లో గనులు మూసేశాక క్వార్టర్ల పట్టాల కోసం తిరిగిన తెలుగు, తమిళ కుటుంబాలకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో వింత. బట్టలు తీసేస్తే అందరూ సమానం అనే ఊళ్లో, అసలు ఖరీదైనది శరీరమే. ఉచితంగా వచ్చే బొమ్మ మొరటుగా ఉంటుంది. నునుపైన ఒళ్లు, నిజంలా కనిపించే చర్మం, జుట్టు, కళ్లు, అన్నీ విడివిడిగా కొనుక్కోవాలి, వేల లిండెన్ డాలర్లు పోసి. బయట లోకంలో పేదవాడు బట్టలు కొనుక్కోలేడు, అక్కడ పేదవాడు ఒళ్లు కొనుక్కోలేడు. కొనేవాళ్లు ఎలాంటి ఒళ్లు కొంటారు? యవ్వనంగా, సన్నగా, తెల్లగా ఉన్నవే ఎక్కువ అమ్ముడుపోతాయని వేరే చెప్పాలా? ముడతలు, మచ్చలు, పొట్ట, కాన్పు చారలు ఉన్న శరీరాలను ఉన్నవి ఉన్నట్టు ఒప్పుకోవడమే నేచురిజం గొప్పతనమని దాని పెద్దలు చెప్పేవారు. బొమ్మల లోకంలో అదే మొదట మాయమైంది. మా దృష్టిలో ఆ ఊళ్ల అతి పెద్ద లోపం ఇదే. నగ్నత్వం కన్నా ఈ నునుపే మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతుంది.

అయితే ఒక విషయంలో వాళ్ల పక్షాన మాట్లాడాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, ఒళ్లు కాలి మచ్చలు పడ్డవాళ్లు, ఆపరేషన్ తర్వాత అద్దంలో చూసుకోవడానికి భయపడేవాళ్లు, ఎవరూ తాకలేని, ఎవరూ ఫోటో తీసి బెదిరించలేని బొమ్మ ఒంటితో పదిమంది మధ్య కూర్చోవడంలో కొంత ఊరట పొందవచ్చు. దాన్ని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. అలాంటి మనిషి మన చర్చి గుమ్మంలోకి వస్తే ఎలాంటి చూపులు ఎదురవుతాయో మనకు తెలుసు.

చర్చిల అనుభవమూ ఇంతకన్నా భిన్నంగా లేదు. 2004లో బ్రిటన్‌లో మెథడిస్టు సంఘం సాయంతో చర్చ్ ఆఫ్ ఫూల్స్ అనే బొమ్మల చర్చి తెరిచారు. కొద్ది రోజుల్లోనే పోకిరీలు పులుపీఠం ఎక్కి బూతులు తిట్టారు. వాళ్లను అక్కడికక్కడే మాయం చేసే మీట ఒకటి కాపలాదారులకు ఇవ్వాల్సి వచ్చింది. సెకండ్ లైఫ్‌లోనే ఎపిఫనీ అనే ద్వీపం మీద ఆంగ్లికన్ కథీడ్రల్ ఒకటి 2007 ప్రాంతంలో లేచింది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల ఓపిక మీదే అది నడిచింది. అంతకుముందే, 1993లో, బొమ్మలు కూడా లేని, రాతతోనే నడిచే లాంబ్డామూ అనే లోకంలో ఒకడు ఇతరుల పాత్రలతో బలవంతంగా అసభ్యమైన పనులు చేయించినట్టు రాసి చూపించాడు. ఒట్టి మాటలే గదా అని కొట్టిపారేయలేకపోయారు. ఒక బాధితురాలు నిజంగా ఏడ్చింది. ఆ తర్వాతే అక్కడ సభ్యులు అర్జీలు పెట్టి ఓట్లు వేసే పద్ధతి వచ్చింది. 2021 నవంబరులో మెటా కంపెనీ హొరైజన్ వరల్డ్స్‌లో ఒక స్త్రీ, తన బొమ్మను ఎవరో తడిమారని ఫిర్యాదు చేసింది. అప్పటికి ఆ బొమ్మలకు కాళ్లు కూడా లేవు! కొద్ది నెలల్లోనే కంపెనీ ప్రతి బొమ్మ చుట్టూ కనపడని కంచె వేసింది. నిండా బట్టలు వేసుకున్న బొమ్మనే తడిమారు. దీన్నిబట్టి బట్టల్లో రక్షణ ఉందా, కంచెలో ఉందా అన్నది మన యువజన నాయకులు ఆలోచించాలి.

పిల్లల విషయంలో మాత్రం మాకు ఏ మెత్తదనమూ లేదు. పిల్లల రూపంలో ఉన్న బొమ్మలతో చెడ్డ పనులు జరుగుతున్నాయని 2007లోనే జర్మన్ టీవీ బయటపెట్టింది. 2024లో గానీ పిల్లల బొమ్మలకు ఊడదీయరాని లోబట్ట తప్పనిసరి అనే నియమం సెకండ్ లైఫ్‌లో రాలేదు. మధ్యలో 17 ఏళ్లు పోయాయి. పెద్దల ఇష్టం, స్వేచ్ఛ అనే మాటలకు ఇక్కడ చోటు లేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. బరంపురంలోనో షోలాపూర్‌లోనో యానాంలోనో మన సంఘంలో పాటలు పాడే ఒక అమ్మాయి ఫోటో తీసుకుని, కంప్యూటర్ సాయంతో నగ్నచిత్రం తయారు చేయడానికి ఈరోజు నిమిషం పట్టదు. ఆ అమ్మాయి ఏమీ విప్పలేదు. అయినా మన దగ్గర జరిగేదేమిటి? తల్లి ఫోన్ లాక్కుంటుంది. పెద్దలు ఆమెను కొంతకాలం వేదిక ఎక్కొద్దంటారు. పంపినవాడు మాత్రం తర్వాతి ఆదివారం గిటారు వాయిస్తూనే ఉంటాడు. నేచురిస్టుల ఊళ్లో అయితే పంపినవాణ్ని బయటికి పంపేవారు, చిత్రంలో ఉన్నవాళ్లను కాదు. కనీసం వాళ్ల నియమం అలా ఉంది. సిగ్గు ఎవరి ఖాతాలో రాయాలో దిగంబరులకు తెలిసినంతగా మనకు తెలియకపోవడం మాకు బాధగా ఉంది.

చట్టం లేక కాదు. ఒక స్త్రీ ఆంతరంగిక చిత్రాన్ని ఆమె అనుమతి లేకుండా తీయడం, పంచడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద, ఐటీ చట్టం 66ఇ కింద నేరం. అసభ్య చిత్రాలు ప్రచారం చేయడానికి 67వ సెక్షన్ ఉంది, కల్పిత చిత్రమైనా తప్పించుకోలేరు. కానీ స్టేషనుకు ఆ అమ్మాయితో పాటు ఎవరు వెళ్తారు? ఊరి పోలీసుతో కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో మాట్లాడాలి, ఫిర్యాదు రాయాలి. ఇంట్లో తెలుగు, బయట వేరే భాష ఉన్న మన కుటుంబాల్లో తల్లిదండ్రులు అక్కడే వెనక్కి తగ్గుతారు. సంఘం కమిటీలో చదువుకున్న ఒక అక్క, ఒక అన్న ముందుకొస్తే సగం భయం పోతుంది.

మన యువత తమకంటూ ఒక తెలుగు కూడిక స్థలాన్ని కంప్యూటర్ లోకంలో కట్టుకోవాలనుకుంటే మేం అడ్డుచెప్పం. హోసూరు పిల్లలు, రాయగడ పిల్లలు ఒకేచోట కూర్చుని తెలుగులో మాట్లాడుకోవడం మంచిదే. ఒకరికి తెలుగు లిపి రాకపోయినా మాట వచ్చు కదా. కట్టేముందు ఆ నేచురిస్టుల దగ్గర అడిగి తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. అద్దె ఎవరు కడతారు, ఆరు నెలల తర్వాత ఎవరు కడతారు? తలుపు తాళాలు ఎంతమంది దగ్గర ఉంటాయి, వాళ్లలో ఆడపిల్లలు ఎందరు? ఫిర్యాదు పాస్టరుగారి బంధువు మీద వస్తే ఎవరు వింటారు? కాపలా వంతులు ఎవరెవరివి? ఇవి కాగితం మీద పెట్టకుండా గోడలకు రంగులేసుకుంటూ పోతే ఆ గది మూడు నెలలు నిలవదు.

రాబోయే యువజన కూడికల్లో పాటల పోటీకి ఇచ్చే సమయంలోంచి ఒక గంట దీనికి ఇమ్మని ప్రాంతీయ కమిటీలను అడుగుతున్నాం. ముసాయిదా పిల్లలే రాయాలి, ఆడపిల్లలు సగానికి తక్కువ కాకుండా కూర్చుని రాయాలి. పెద్దలు చివర్లో చదివి, చట్టానికి సరిపోతుందో లేదో చూస్తే చాలు.